జామాకు కషాయంతో వెండి నానో కణాలు: తయారీ నుంచి ఉత్ప్రేరక పరీక్ష దాకా

"కషాయం కలిపాం, ద్రావణం గోధుమ రంగులోకి తిరిగింది, నానో కణాలు వచ్చినట్టేనా?" అని హైదరాబాద్‌లోని డిగ్రీ, పీజీ విద్యార్థులు ప్రాజెక్టుల కాలం రాగానే నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ వెనుకే ఇంకో ప్రశ్న వస్తుంది: "పోయిన నెల పనిచేసిన పద్ధతే ఈ నెల పనిచేయలేదు, ఎక్కడ తప్పాం?" ఈ రెండు ప్రశ్నలకూ సరిపోయేలా, నీళ్లు పరీక్షించడం దగ్గర మొదలుపెట్టి ఉత్ప్రేరక వేగం లెక్కగట్టడం వరకు అన్ని మెట్లనూ ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర ఒక సాధారణ కళాశాల ప్రయోగశాల ఉందని, పక్కన మీ అధ్యాపకులో ప్రయోగశాల బాధ్యులో ఉన్నారని అనుకునే రాస్తున్నాను. ఇంటి వంటగదిలో ఈ పని చేయవద్దు.

సిద్ధాంతం రెండు మాటల్లో చెప్పుకుందాం. నానో కణాలంటే మిల్లీమీటరులో పది లక్షల వంతుల్లో (నానోమీటర్లలో) కొలిచేంత చిన్న కణాలు. ఆకులోని పాలీఫినాల్స్ వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి వాటిని లోహంగా మారుస్తాయి; ఆకులోని మరికొన్ని పదార్థాలు ఆ కణాల చుట్టూ పొరలా పట్టుకుని అవి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తాయి. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల పరిశోధకులు 2004లో వేపాకు కషాయంతో వెండి, బంగారు నానో కణాలు తయారుచేసి చూపారు. ఆ తర్వాత తులసి, కరివేపాకు, మందారంతో సహా మన పెరట్లో దొరికే ఆకుల్లో ప్రయత్నించనిది దాదాపు లేదు. నేను జామాకును సూచించడానికి కారణం, అందులో పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి, పైగా ఒకే చెట్టు నుంచి ఏడాది పొడవునా ఆకు దొరుకుతుంది.

కావలసినవి

సిల్వర్ నైట్రేట్, 4-నైట్రోఫినాల్, సోడియం బోరోహైడ్రైడ్ (మూడూ విశ్లేషణ స్థాయి శుద్ధత గలవి), స్వేదనజలం, జామాకు, వాట్‌మన్ 1 వడపోత కాగితం, ముదురు గోధుమ రంగు సీసాలు, వాటర్ బాత్, మిల్లీగ్రాములో పదో వంతు వరకు తూచే త్రాసు, మైక్రోపిపెట్లు, నిమిషానికి కనీసం 10,000 చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్, యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఏ కాంతిని ఎంత శోషిస్తుందో కొలిచేది), క్వార్ట్జ్ క్యూవెట్ (ఆ కొలతకు ద్రావణం పోసే చిన్న పాత్ర). వీటితోపాటు నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు, కోటు తప్పనిసరి. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలితే నల్లటి మచ్చ పడి కొన్ని రోజుల దాకా పోదు. కంటికి తగిలితే ప్రమాదం అంతకన్నా చాలా పెద్దది. 4-నైట్రోఫినాల్ విషపదార్థం కాబట్టి దాన్ని తూచేటప్పుడు పొడి లేవకుండా చూసుకోండి.

1. ముందుగా నీళ్లను పరీక్షించండి

విఫలమైన ప్రయోగాల్లో నేను చూసినవి ఎక్కువగా ఇక్కడే చెడిపోయాయి. నగరంలో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఇంట్లోని ఆర్వో యంత్రం కూడా క్లోరైడ్‌ను పూర్తిగా తీసివేయదు. వెండి అయాన్లు క్లోరైడ్‌ను కలిసిన క్షణమే సిల్వర్ క్లోరైడ్‌గా మారతాయి, మీకు కావలసిన వెండి అక్కడే పోతుంది. పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ నీళ్లు కొన్నిసార్లు బాగానే ఉంటాయి, కొన్నిసార్లు ఉండవు. అందుకని ఏ నీళ్లయినా సరే, పరీక్షనాళికలో 5 మి.లీ. తీసుకుని రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేసి, వెనుక నల్ల కాగితం పెట్టి చూడండి. పాలలా కొద్దిగా మసకబారినా ఆ నీళ్లను వాడవద్దు. గాజు సామాను చివరిగా కడగాల్సింది కూడా ఈ పరీక్షలో నెగ్గిన నీళ్లతోనే.

2. ఆకును ఒకేసారి కోసి ఆరబెట్టుకోండి

ఈసారి ఒక చెట్టు ఆకు, మరోసారి ఇంకో చెట్టు ఆకు వాడితే ఫలితాలు కలవవు. లేత చిగురు, పండుటాకు కాకుండా, కొమ్మ చివర నుంచి మూడో, నాలుగో జతలోని ముదురాకులను ఒకే చెట్టు నుంచి ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఒకేరోజు కోయండి. రోడ్డు పక్క చెట్టు ఆకుపై దుమ్ము, వాహనాల పొగ మసి పేరుకుంటాయి కాబట్టి లోపలి పెరట్లో చెట్టు అయితే మేలు. కుళాయి నీళ్లతో రెండుసార్లు, స్వేదనజలంతో రెండుసార్లు కడిగి, నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, పొడి చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. ఎండలో ఆరబెట్టవద్దు. పచ్చి ఆకుతోనూ చేయవచ్చు గానీ వానాకాలంలో ఆకులోని తేమ ఒకలా, ఏప్రిల్‌లో ఇంకోలా ఉంటుంది కనుక 10 గ్రాముల పచ్చి ఆకు అంటే ఎంత ఆకో ఎవరూ చెప్పలేరు.

3. కషాయం కాయండి

2 గ్రాముల పొడిని 100 మి.లీ. స్వేదనజలంలో వేసి 70 డిగ్రీల సెల్సియస్ వద్ద 20 నిమిషాలు ఉంచండి. తెర్లించవద్దు, బాగా మరిగిన కషాయం తనంతట తానే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ రంగే తర్వాత మిమ్మల్ని మోసం చేస్తుంది. చల్లారాక ముందు పలుచటి బట్టలో, తర్వాత వడపోత కాగితంలో వడకట్టండి. తేటగా, లేత పసుపు నుంచి లేత గోధుమ రంగులో ఉండాలి. వీలైతే అదేరోజు వాడండి. లేకపోతే 4 డిగ్రీల వద్ద రెండు మూడు రోజులకు మించి నిలవ పెట్టవద్దు. పైన పొర కట్టినా, వాసన మారినా పారబోయండి.

4. సిల్వర్ నైట్రేట్ ద్రావణం

170 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్‌ను 100 మి.లీ. స్వేదనజలంలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ మూలద్రావణం వస్తుంది. దీన్ని ముదురు రంగు సీసాలో పోసి చీకట్లో ఉంచండి. ప్రయోగం రోజున 9 మి.లీ. మూలద్రావణానికి 81 మి.లీ. నీళ్లు కలిపి 1 మిల్లీమోలార్ ద్రావణం 90 మి.లీ. తయారుచేసుకోండి.

5. కలపడం

90 మి.లీ. ద్రావణాన్ని కోనికల్ ఫ్లాస్కులో పోసి, చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి, వాటర్ బాత్‌లో 60 డిగ్రీలకు తీసుకురండి. నెమ్మదిగా కలియబెడుతూ 10 మి.లీ. కషాయాన్ని చుక్కచుక్కగా వేసి, గంటసేపు అదే ఉష్ణోగ్రతలో ఉంచండి. "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాసుకుని చేసే అలవాటు మానుకోండి. మే నెల మధ్యాహ్నం మన గది ఉష్ణోగ్రతకూ డిసెంబరు ఉదయపు గది ఉష్ణోగ్రతకూ ఉన్న తేడాకు చర్య వేగం ఎంతో మారిపోతుంది. ఫ్లాస్కును ఎండలో పెడితే కొద్ది నిమిషాల్లోనే రంగు వస్తుందని కొందరు చెబుతారు. నిజమే, వస్తుంది, కానీ నిన్నటి ఎండను ఇవాళ మళ్లీ తెచ్చుకోలేం కాబట్టి ప్రాజెక్టుకు ఆ పద్ధతిని నేను సూచించను.

ఇదే సమయంలో, అదే వాటర్ బాత్‌లో మరో రెండు నాళికలు కూడా పెట్టాలి. ఒకదానిలో సిల్వర్ నైట్రేట్ 9 మి.లీ., నీళ్లు 1 మి.లీ. ఉండాలి. రెండోదానిలో నీళ్లు 9 మి.లీ., కషాయం 1 మి.లీ. ఉండాలి. ఈ రెండు నాళికలు లేని ప్రయోగాన్ని నేను ప్రయోగంగా లెక్కించను. ఎందుకంటే పాలీఫినాల్స్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే కషాయం ఒక్కటే గోధుమ రంగుకు తిరుగుతుంది. కోసిన జామకాయ ముక్క రంగు మారడం మీరు చూసే ఉంటారు. ప్రధాన ఫ్లాస్కు రంగు మారి, ఈ రెండు నాళికలు మారకుండా ఉన్నప్పుడే ముందుకు సాగండి.

చర్య మరీ నెమ్మదిగా ఉంటే కషాయం పీహెచ్‌ను 8 దాకా పెంచవచ్చు. ఇక్కడ రెండు హెచ్చరికలు ఉన్నాయి. ఒకటి, క్షారాన్ని కషాయంలోనే, వెండి కలపకముందే, పలుచటి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో కలపాలి. వెండి ద్రావణంలో నేరుగా క్షారం వేస్తే గోధుమ రంగు సిల్వర్ ఆక్సైడ్ ఏర్పడుతుంది, దాన్ని చూసి నానో కణాలని మురిసిపోయినవారిని నేను ఎరుగుదును. రెండోది ప్రాణానికి సంబంధించినది: పీహెచ్ పెంచడానికి అమ్మోనియా వాడవద్దు. అమ్మోనియా కలిపిన వెండి ద్రావణాన్ని నిలవ ఉంచితే పేలుడు స్వభావం గల పదార్థం ఏర్పడుతుంది.

6. ఏం వచ్చిందో చూడండి

మొదట కంటితో చూడండి. లేత పసుపు, తేనె రంగు, ఎర్రటి గోధుమ, ఇలా రంగు క్రమంగా ముదరాలి, ద్రావణం మాత్రం తేటగానే ఉండాలి. కషాయం పడగానే తెల్లగా మసకబారితే నీటిలోనో ఆకులోనో క్లోరైడ్ ఉందని అనుమానించండి; ఆ తెల్లటి మడ్డి వెలుతురులో కాసేపటికి ఊదా బూడిద రంగుకు తిరిగితే అనుమానం బలపడినట్టే. కషాయాన్ని సగానికి తగ్గించి మళ్లీ చేయండి. అడుగున నల్లటి మడ్డి పేరుకుంటే కణాలు ముద్దకట్టాయని అర్థం. కషాయం కొద్దిగా పెంచండి, లేదా ఉష్ణోగ్రత తగ్గించండి.

తర్వాత స్పెక్ట్రోఫోటోమీటర్. నమూనాను పది రెట్లు పలచన చేసి, 300 నుంచి 700 నానోమీటర్ల దాకా కొలవండి. పోల్చి చూసే నమూనాగా (బ్లాంక్) నీళ్లను పెట్టవద్దు, ఐదో మెట్టులో పెట్టిన రెండో నాళికలోని కషాయాన్ని అంతే పలచన చేసి పెట్టండి. గోళాకారపు వెండి కణాలకు శిఖరం సాధారణంగా 400, 450 నానోమీటర్ల మధ్య వస్తుంది. శిఖరం సన్నగా ఉంటే కణాల సైజులు దగ్గర దగ్గరగా ఉన్నాయని, వెడల్పుగా ఉండి 600 దాటి తోకలా సాగితే కణాలు గుమిగూడాయని అనుకోవచ్చు. శిఖరమే లేకుండా ఎడమవైపుకు ఎక్కుతూ పోయే గీత మాత్రమే కనిపిస్తే మీ దగ్గర ఉన్నది కషాయపు రంగే. లేజర్ పాయింటర్ గీత ద్రావణంలో కనిపించడాన్ని రుజువుగా చూపవద్దు, వడకట్టిన కషాయంలో కూడా అది కనిపిస్తుంది.

ఎక్స్‌రే వివర్తనం, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని మీ కళాశాలలో ఉండకపోవచ్చు. ఉస్మానియా, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) వంటి చోట్ల ఇలాంటి పరికరాలు ఉన్నాయి. బయటివారి నమూనాలకు ఏమేం పత్రాలు కావాలో మీ విభాగం ద్వారా ముందే కనుక్కోండి. వివర్తన పటం చేతికి వచ్చాక, రాగి కే-ఆల్ఫా కిరణాలతో తీసినదైతే, లోహపు వెండికి సుమారు 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల వద్ద శిఖరాలు ఉండాలి. వీటితోపాటు 27.8, 32.2, 46.2 దగ్గర కూడా శిఖరాలు కనిపిస్తే అవి సిల్వర్ క్లోరైడ్‌వి. చాలామంది వాటిని "ఆకులోని సేంద్రియ పదార్థాల శిఖరాలు" అని రాసేసి దాటిపోతారు. దయచేసి అలా చేయవద్దు, ఒకటో మెట్టుకు తిరిగి వెళ్లండి.

7. కడగడం

నిమిషానికి 10,000 నుంచి 12,000 చుట్ల వేగంతో 20 నిమిషాలు తిప్పి, పైతేటను వేరే సీసాలో దాచుకుని, అడుగున మిగిలినదాన్ని స్వేదనజలంలో మళ్లీ కలపండి. ఇలా మూడుసార్లు చేసి, చివరికి 10 మి.లీ. నీళ్లలో కలిపి ఉంచండి. కణాలు సరిగా విడివడకపోతే సోనికేటర్ నీటితొట్టిలో ఐదు నిమిషాలు పెట్టండి. అప్పటికీ విడివడకపోతే కణాలను పూర్తిగా ఎండనిచ్చారేమో గుర్తుచేసుకోండి. ఒకసారి ఎండిన కణాలు మళ్లీ మొదటిలా కలవడం కష్టం.

కడగడం ఎందుకింత ముఖ్యమో చెప్పాలి. చర్యలో పాల్గొనని వెండి అయాన్లు మిగిలి ఉంటే, తర్వాత మీరు వేసే సోడియం బోరోహైడ్రైడ్ వాటిని క్యూవెట్‌లోనే క్షణంలో వెండి కణాలుగా మార్చేస్తుంది. ఉత్ప్రేరకంగా పనిచేసేది అప్పటికప్పుడు పుట్టిన ఆ కణాలైతే, పేరు మాత్రం జామాకుకు వస్తుంది. మొదటి పైతేటలో 2 మి.లీ. తీసుకుని, మరోసారి గట్టిగా తిప్పి, ఉప్పునీళ్లు రెండు చుక్కలు వేయండి; తెల్లబడితే అయాన్లు మిగిలాయి, తదుపరి ప్రయోగంలో చర్యకు ఇంకా సమయం ఇవ్వాలి. మూడో పైతేటలో ఏ మార్పూ కనిపించకూడదు.

ఇంకో తనిఖీ త్రాసుతో చేయవచ్చు. మీరు వాడిన 90 మి.లీ. ద్రావణంలో ఉన్న వెండి మొత్తం సుమారు 9.7 మి.గ్రా. మాత్రమే. ఎండబెట్టిన కొద్ది భాగాన్ని తూచి మొత్తానికి లెక్కగడితే 30 మి.గ్రా. తేలిందంటే, అందులో మూడింట రెండు వంతులు ఆకు పదార్థమే. "ఇన్ని మిల్లీగ్రాముల ఉత్ప్రేరకం" అని రాసేముందు ఈ లెక్క వేసుకోండి.

8. ఉత్ప్రేరక పరీక్షకు సిద్ధం చేసుకోవడం

పరీక్షగా 4-నైట్రోఫినాల్‌ను 4-అమినోఫినాల్‌గా మార్చే చర్యను ఎంచుకుందాం. వెండి నానో కణాలు ఈ పని చేస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2002లోనే ప్రచురించారు. మన నగరానికి ఇది దూరపు విషయమేమీ కాదు: పారాసిటమాల్ తయారీకి 4-అమినోఫినాలే మూలపదార్థం, ఇక నైట్రో సమ్మేళనాలు మందుల, రంగుల పరిశ్రమల వ్యర్థజలాల్లో కనిపించేవే. ఆ పరిశ్రమల మధ్యనే మనం బతుకుతున్నాం.

13.9 మి.గ్రా. 4-నైట్రోఫినాల్‌ను 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 1 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. 38 మి.గ్రా. సోడియం బోరోహైడ్రైడ్‌ను 10 మి.లీ. మంచులా చల్లగా ఉన్న నీళ్లలో కరిగించి అరగంటలోపు వాడేయండి. నిన్నటి బోరోహైడ్రైడ్ ద్రావణం ఇవాళ పనికిరాదు. నీళ్లతో కలిసి తనంతట తాను విచ్ఛిన్నమవుతూ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. అందువల్ల సీసా మూత బిగించవద్దు, దగ్గర్లో మంట ఉండకూడదు, ఆమ్లం అసలే తగలకూడదు. కడిగిన కణాల ద్రావణాన్ని పది రెట్లు పలచన చేసి ఉంచుకోండి.

9. కొలత

క్యూవెట్‌లో 2.2 మి.లీ. నీళ్లు, 0.2 మి.లీ. నైట్రోఫినాల్, 0.5 మి.లీ. బోరోహైడ్రైడ్ వేయండి. లేత పసుపు ఒక్కసారిగా ముదురుతుంది, శోషణ శిఖరం 317 నుంచి 400 నానోమీటర్లకు జరుగుతుంది. ఇది క్షార మాధ్యమంలో నైట్రోఫినోలేట్ అయాన్ ఏర్పడడం మాత్రమే, క్షయకరణం, అంటే అమినోఫినాల్‌గా మారడం, ఇంకా మొదలుకాలేదు. ఉత్ప్రేరకం లేకుండా పది నిమిషాలు గమనించండి. 400 వద్ద శోషణ 1.2 దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. తర్వాత 0.1 మి.లీ. కణాల ద్రావణం వేసి, వెంటనే కలిపి, నిమిషానికొకసారి 250 నుంచి 500 దాకా కొలవండి. 400 వద్ద శిఖరం తగ్గుతూ, 300 దగ్గర కొత్తది లేవాలి. అది అమినోఫినాల్‌ది.

రెండో శిఖరం కనిపించకపోతే ముందు క్యూవెట్‌ను చూడండి. ప్లాస్టిక్, మామూలు గాజు క్యూవెట్లు ఆ ప్రాంతంలో కాంతిని తామే మింగేస్తాయి. క్వార్ట్జ్‌లోనూ కనిపించకపోతే కషాయపు అవశేషాలు ఆ భాగాన్ని కప్పేశాయేమో చూడండి, అంటే కడగడం చాలలేదు. గీత ఎగుడుదిగుడుగా వస్తుంటే గోడలకు హైడ్రోజన్ బుడగలు అంటుకున్నాయి. క్యూవెట్‌ను మెల్లగా తట్టండి. వేసిన తర్వాత మొదటి నిమిషమో రెండు నిమిషాలో ఏమీ జరగనట్టు ఉండవచ్చు. నీటిలో కరిగిన ఆక్సిజన్ వల్ల ఇలా ఆలస్యం కావచ్చు కాబట్టి ఉత్ప్రేరకం చచ్చిపోయిందని తొందరపడవద్దు.

10. లెక్క

బోరోహైడ్రైడ్ నైట్రోఫినాల్ కన్నా సుమారు 250 రెట్లు ఎక్కువగా ఉంది కనుక చర్యను మొదటి క్రమాంకంగా, అంటే వేగం మిగిలిన నైట్రోఫినాల్‌కు అనుపాతంలో ఉండేదిగా తీసుకోవచ్చు. ప్రతి సమయానికీ శోషణను మొదటి శోషణతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను సమయానికి ఎదురుగా గీస్తే వచ్చే సరళరేఖ వాలే వేగ స్థిరాంకం; వాలుకు ఉన్న రుణ గుర్తును తీసేయండి. మొదటి నిమిషాల ఆలస్యాన్ని, చివరి పది ఇరవై శాతాన్ని రేఖలో కలపవద్దు.

వెండి విషయంలో మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దీని మీద కొంచెం ఓపిక పెట్టండి. మీ కణాలు తామే 400, 450 మధ్య కాంతిని శోషిస్తాయి. నైట్రోఫినోలేట్ శిఖరం కూడా 400 దగ్గరే. నైట్రోఫినాల్ అంతా అయిపోయాక కూడా శోషణ సున్నాకు చేరదు, మిగిలింది వెండిది. దీన్ని తీసివేయకుండా గీస్తే రేఖ చివర వంగుతుంది, "చర్య 85 శాతమే జరిగింది" అన్న తప్పుడు మాట నివేదికలోకి ఎక్కుతుంది. నైట్రోఫినాల్ బదులు నీళ్లు పోసి, బోరోహైడ్రైడ్, కణాలు యథాతథంగా వేసిన క్యూవెట్‌ను 400 వద్ద కొలిచి, ఆ విలువను ప్రతి కొలత నుంచి తీసివేయండి. అప్పుడు రేఖ వంగకుండా తిన్నగా వస్తుంది.

ఇంకో క్యూవెట్‌లో కణాల బదులు మూడో పైతేట 0.1 మి.లీ. వేసి చూడండి. అక్కడా పసుపు రంగు పోతే వెండి పైతేటలో మిగిలిపోయిందన్నమాట. మొత్తం ప్రయోగాన్ని కనీసం మూడుసార్లు, వీలైతే వేర్వేరు రోజుల్లో కాచిన కషాయాలతో చేసి సగటును, వ్యత్యాసాన్ని రాయండి. ఇతరుల ఫలితాలతో పోల్చాలంటే వేగ స్థిరాంకాన్ని వెండి బరువుతో భాగించాలి. ఎక్కువ ఉత్ప్రేరకం గుమ్మరిస్తే ఎవరికైనా చర్య ఒక్క నిమిషంలో అయిపోతుంది.

ఒక మాట నివేదికలో నిజాయితీగా రాయమని అడుగుతాను. కణాల తయారీ ఆకుతో జరిగినా, పరీక్షలో వాడిన బోరోహైడ్రైడ్ హరిత పదార్థం కాదు. 1998లో పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ చెప్పిన పన్నెండు హరిత రసాయన సూత్రాల్లో ఉత్ప్రేరకాల వాడకం తొమ్మిదోది మాత్రమే, మొదటిది వ్యర్థాన్ని రానివ్వకపోవడం.

11. శుభ్రం చేయడం, వ్యర్థాలు

వెండి ఉన్న ఏ ద్రావణాన్నీ సింకులో పోయవద్దు. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో పనిచేసే సూక్ష్మజీవులకు వెండి విషం, అక్కడ తప్పించుకున్నది చేరేది మూసీలోకే. వెండి అయాన్లు ఉన్న ద్రావణాలన్నీ ఒక సీసాలో చేర్చి, ఉప్పునీళ్లు పోసి రాత్రంతా ఉంచితే సిల్వర్ క్లోరైడ్ అడుగుకు దిగుతుంది. వడకట్టి, పేరు, తేదీ రాసిన ముదురు సీసాలో దాచండి. బోరోహైడ్రైడ్ కలిసిన వ్యర్థాన్ని ఫ్యూమ్ హుడ్‌లో మూతలేని బీకరులో మర్నాటిదాకా వదిలి, బుడగలు ఆగాక పలుచటి అసిటిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేసి, ఇక నురగ రాకపోతే నైట్రోఫినాల్ వ్యర్థాల సీసాలో చేర్చండి.

ఫ్లాస్కు గోడలకు అంటిన వెండి పొరను పలుచటి నైట్రిక్ ఆమ్లంతో తీయండి. ఆ పొర మిగిలితే తర్వాతి ప్రయోగంలో కణాలు దానిమీదే పెరుగుతాయి. ఆమ్లంతో కడిగిన వెంటనే ఆల్కహాల్‌తో కడిగే అలవాటు ఉంటే ఇక్కడ పూర్తిగా మానేయండి. వెండి, నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే పేలుడు పదార్థం పుట్టవచ్చు. ముందు స్వేదనజలంతో మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను కూడా వెండి వ్యర్థాల సీసాలోనే పోసి, ఫ్లాస్కును బోర్లించి ఆరనివ్వండి.